తుపాకీ మోతకి చెవి పాడవకుండా: మన ఉక్కలో పెట్టుకోగలిగే ఇయర్ మఫ్, ఇయర్ ప్లగ్ ఎలా ఎంచుకోవాలి

మే నెల, ఆదివారం, పొద్దున్న తొమ్మిది దాటింది. విజయనగరం శివార్లలో మేం ప్రాక్టీస్ చేసే రేకుల షెడ్డు అప్పటికే పెనంలా కాలుతోంది. ఇంటర్ చదివే కుర్రాడొకడు .22 రైఫిల్‌తో పడుకుని కాలుస్తున్నాడు. చెవులకి పెద్ద ఇయర్ మఫ్‌లు (పట్టీతో కలిపిన రెండు కప్పులు) ఉన్నాయి. చెమట కణత మీదుగా జారి కప్పు లోపలికి దిగింది. వాడు రైఫిల్ కింద పెట్టి, ఎడమ కప్పు కొంచెం ఎత్తి, చూపుడు వేలితో చెవి వెనక తుడుచుకున్నాడు. రెండు సెకన్ల పని. సరిగ్గా అప్పుడే పక్క లేన్‌లో రైఫిల్ పేలింది. ఉలిక్కిపడి చెవి పట్టుకున్నాడు. సాయంత్రం దాకా "సార్, చెవిలో ఈల వేస్తున్నట్టుంది" అంటూనే ఉన్నాడు.

ఆ మఫ్‌లు నాసిరకం కాదు. ఎంత శబ్దం ఆపుతాయో చెప్పే అంకె పెట్టె మీద పెద్దదే ఉంది. కానీ వాడి తలకి బిగువైపోయాయి, మన ఎండకి ఉడికించేశాయి. అందుకే ఎత్తాడు. ఫ్యాక్టరీ శబ్దం చెవిని నెమ్మదిగా, ఏళ్ళ తరబడి తినేస్తుంది. తుపాకీ శబ్దం అలా కాదు, ఒక్క దెబ్బకే నష్టం చేయగలదు. గంటసేపు పెట్టుకుని, రెండు సెకన్లు తీసినా ఆ రెండు సెకన్లలోనే దెబ్బ తగలొచ్చు. కాబట్టి చెవి రక్షణ కొనేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: చెమట కారుతున్నా, కళ్ళజోడు ఉన్నా, కాల్పులు ఆగేదాకా దీన్ని తీయకుండా ఉండగలనా? మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఒక ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్‌కి మాకు తలా కాస్త దూది ఇచ్చారు. చెవుల్లో కుక్కుకుని కాల్చాం. రెండు రోజులు చెవి హోరెత్తింది, తర్వాత తగ్గింది, మర్చిపోయాను. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అలాగే కాల్చాను. ఇప్పుడు నా ఎడమ చెవికి పైస్థాయి శబ్దాలు అందవు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు మా అమ్మాయి పక్క గదిలోంచి "నాన్నా, పాలు" అందో "కాలు" అందో తెలియదు. "ఆలు" మాత్రం వినిపిస్తుంది. అచ్చులు బరువైన శబ్దాలు కాబట్టి చేరతాయి. స, త, క, ప లాంటి సన్నటి హల్లులు రాలిపోతాయి. తుపాకీ మోత ముందుగా దెబ్బతీసేది ఆ సన్నటి శబ్దాలు వినే భాగాన్నే. లోపలి చెవిలో ఉండే సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. కుడిచేత్తో రైఫిల్ కాల్చేవాళ్ళకి ఎడమ చెవే ఎక్కువ పాడవుతుంది, ఎందుకంటే రైఫిల్ వెనక భాగమైన బట్‌కి చెంప ఆనించినప్పుడు ఎడమ చెవి గొట్టం వైపు తిరుగుతుంది, కుడి చెవికి తల కొంత అడ్డు పడుతుంది.

మొదటి పని: మీరు కాల్చేది ఏమిటి, ఎక్కడ కాలుస్తున్నారు?

10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌లో తుపాకీ మందు ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ బయటికి వెళ్తుంది. "టప్" అని చిన్న శబ్దం వస్తుంది, అంతే. చెవి పాడయ్యేంత మోత కాదు. అయినా పోటీల్లో చాలామంది చెవులు మూసుకుంటారు, ఎందుకంటే 60 షాట్లు 75 నిమిషాల్లో కాల్చాలి, పక్కవాళ్ళ టప్ టప్‌లు, వెనక మాటలు ధ్యాస చెదరగొడతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని కాల్చిన ఫోటో మీరూ చూసే ఉంటారు. ఏ సరంజామా లేకుండా వెండి పతకం కొట్టాడని అందరూ చెప్పుకున్నారు. ఆ ఫోటో పెద్దది చేసి చూడండి, చెవి రంధ్రాల్లో దూర్చుకున్న ఇయర్ ప్లగ్‌లు కనిపిస్తాయి.

మందు ఉన్న తూటా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. .22 రైఫిల్ మోత కాల్చేవాడి చెవి దగ్గర 140 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) దరిదాపుల్లో ఉంటుంది. అదే .22 పిస్టల్‌లో గొట్టం పొట్టిది, పేలుడు ముఖానికి దగ్గర, కాబట్టి ఇంకా ఎక్కువ. 9 ఎం.ఎం. పిస్టల్, 12 బోర్ తుపాకీ, పెద్ద రైఫిళ్ళు 150 నుంచి 165 దాకా వెళ్తాయి. పెద్దవాళ్ళకి ఒక్కసారిగా వచ్చే మోత 140 దాటకూడదనేది చాలా దేశాలు పాటించే గీత. పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 120 అని పెట్టింది. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదని గుర్తుంచుకోండి. పది పెరిగితే శబ్దంలో ఉండే శక్తి పదింతలు అవుతుంది. అంటే 160 అనేది 140 కంటే కాస్త ఎక్కువ కాదు, వంద రెట్లు.

పోలిక కావాలంటే దీపావళి తీసుకోండి. మన దేశంలో టపాకాయ పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో మోత 145 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన ఉంది. టపాకాయ వెలిగించి మనం పరిగెత్తి దూరం వెళ్తాం. తుపాకీని మాత్రం చెంపకి ఆనించుకుని పేలుస్తాం.

చోటు సంగతి కూడా అంతే ముఖ్యం. ఖాళీ మైదానంలో శబ్దం పోయేచోటికి పోతుంది. రేకుల షెడ్డులో, గోడలున్న హాల్లో తిరిగి మీ మీదికే వస్తుంది. పక్క లేన్‌లో ఉన్నవాడి తుపాకీ గొట్టం మీ చెవికి పక్కగా ఉంటుంది కాబట్టి మీ తుపాకీ కన్నా వాడిదే ఎక్కువ బాధించొచ్చు. తల మీద పైకప్పు ఉందంటే రక్షణ ఒక మెట్టు పెంచండి.

పెట్టె మీది అంకె

ఎంత శబ్దం ఆపుతుందో చెప్పడానికి అమెరికా పద్ధతిలో ఎన్‌ఆర్‌ఆర్ అని, యూరప్ పద్ధతిలో ఎస్‌ఎన్‌ఆర్ అని అంకె వేస్తారు. ఎన్‌ఆర్‌ఆర్ ఫోమ్ ప్లగ్‌లకి గరిష్ఠంగా 33, మఫ్‌లకి 31 దాకా దొరుకుతుంది. ఈ అంకెలు ప్రయోగశాలలో, నేర్పుగా పెట్టినప్పుడు వచ్చినవి. బయట అంత రాదు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే వాళ్ళు వాడే లెక్క ఇలా ఉంటుంది: అంకెలోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేయాలి. 31 ఉంటే 24, అందులో సగం 12. నిజంగా చెవికి దక్కేది అంత తక్కువ కావచ్చనే జాగ్రత్తతో పెట్టిన లెక్క అది.

నా అనుభవంలో, సరిగ్గా కూర్చున్న 22 అంకె మఫ్ సగం బయటికి వేలాడే 33 అంకె ప్లగ్ కన్నా చాలా నయం. కాబట్టి అంకె వెంట పరిగెత్తకండి, అలాగని అంకె లేనిది కొనకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 352, మన దేశపు ప్రమాణం ఐఎస్ 9167. ఈ రెండిటిలో ఏదో ఒకటి గానీ, ఎన్‌ఆర్‌ఆర్ అంకె గానీ పెట్టె మీద ముద్రించి ఉండాలి. ఏదీ లేకపోతే అది పాటలు వినే హెడ్‌ఫోన్ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ అనుకోండి. పాటలు వినే ఇయర్‌బడ్స్‌లో శబ్దం తగ్గించే సదుపాయం ఉంది కదా, అవి పెట్టుకోవచ్చా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. వద్దు. బస్సు హోరు, ఫ్యాన్ హోరు లాంటి ఆగని శబ్దం తగ్గించడానికి చేసినవవి. తుపాకీ పేలుడు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వచ్చేసి వెళ్ళిపోతుంది.

దూది, గుడ్డ ముక్క, వేళ్ళు పెట్టుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు. దూది వల్ల రక్షణ ఉందన్న ధైర్యం వస్తుంది, రక్షణ రాదు.

మఫ్ కొనేటప్పుడు షాపులోనే ఇరవై నిమిషాలు

వెల్డింగ్ అద్దాలు, హెల్మెట్లు, గ్లౌజులు అమ్మే సేఫ్టీ సామాన్ల షాపుల్లో ఇయర్ మఫ్‌లు ఉంటాయి. మన దగ్గర రకాలు తక్కువైతే విశాఖ వెళ్ళండి, అక్కడ ఫ్యాక్టరీల పుణ్యమా అని ఎక్కువ రకాలు పెడతారు. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే వీలున్నదే తీసుకోండి, ఎందుకంటే ఈ వస్తువు తలకి పెట్టి చూడకుండా తేలదు.

వెళ్ళేటప్పుడు మీరు కాల్చేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు, టోపీ వెంట తీసుకెళ్ళండి. మఫ్ తలకి పెట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే ఉండండి. షాపాయన విసుక్కుంటే నవ్వి ఊరుకోండి. మొదటి రెండు నిమిషాల్లో అన్ని మఫ్‌లూ మెత్తగానే ఉంటాయి. పదో నిమిషం నుంచి కణతల దగ్గర నొక్కు, మాడు మీద పట్టీ బరువు, చెవి తమ్మె లోపల ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. చెవి మొత్తం కప్పులో ఇమడాలి. చెవి అంచు కుషన్ (కప్పు చుట్టూ ఉండే మెత్త) కింద నలిగితే అరగంట తర్వాత సూది గుచ్చినట్టు పోటు పెడుతుంది. పావుకిలో లోపు బరువైతే మెడకి సుఖం.

తర్వాత దవడ ఆడించండి, తల వంచండి, రైఫిల్ బట్‌కి చెంప ఆనించినట్టు తల పక్కకి వాల్చి భుజం పైకి తీసుకురండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మిల్లు పని కోసం చేసిన పెద్ద మఫ్‌ల కప్పు కింది భాగం దళసరిగా ఉంటుంది. రైఫిల్ బట్ దాన్ని కింది నుంచి పైకి తోస్తుంది, కుషన్ కింద సందు పడుతుంది, సరిగ్గా పేల్చే క్షణంలో చెవి తెరుచుకుంటుంది. కూర్చుని చూసుకుంటే ఏ సమస్యా కనిపించదు. రైఫిల్ కాల్చేవాళ్ళు కప్పు పల్చగా, కింది వైపు కోసినట్టు ఉన్నదే తీసుకోవాలి. పిస్టల్ కాల్చేవాళ్ళకి ఈ బాధ లేదు, దళసరి కప్పైనా ఫర్వాలేదు.

కుషన్ గాలి చొరకుండా కూర్చుందో లేదో చూడ్డానికి చిన్న పరీక్ష ఉంది. షాపు బయట, రోడ్డు రొద వినిపించే చోట నిలబడండి. మఫ్ పెట్టుకున్నాక రెండు కప్పుల్నీ అరచేతులతో లోపలికి నొక్కండి. రొద ఇంకా తగ్గిందంటే ఎక్కడో సందు ఉన్నట్టు. నొక్కినా పెద్దగా తేడా రాకపోతే సరిగ్గా కూర్చుంది.

ఆ సందు చాలాసార్లు కళ్ళజోడు కాడ వల్ల వస్తుంది. దళసరి ప్లాస్టిక్ కాడ కుషన్‌ని ఎత్తి పట్టుకుంటుంది, పైగా కాడ కణతలోకి నొక్కుకుని పది నిమిషాల్లో తలనొప్పి తెస్తుంది. సన్నటి లోహపు కాడలున్న జోడు ఒకటి కాల్చడానికి వేరే ఉంచుకోండి. కుషన్‌లో ఫోమ్ బదులు జెల్ ఉన్న రకం తీసుకుంటే అది కాడ చుట్టూ సర్దుకుంటుంది, చల్లగానూ ఉంటుంది. ధర ఎక్కువే గానీ మన ఉక్కలో నేను డబ్బు పెట్టేది ముందు జెల్ కుషన్ మీదే.

ఆడపిల్లలకి ఇంకో రెండు సంగతులు. దుద్దులు, బుట్టలు, మాటీలు తీసేయాలి. కప్పు లోపల దుద్దు శీల చెవి వెనక ఎముకకి గుచ్చుకుంటుంది, మాటీ గొలుసు కుషన్ కింద సందు చేస్తుంది. జడ పైకి కట్టి ముడి వేసుకుంటే పట్టీ జారుతుంది, కిందికి వేసుకోండి. చెవి చుట్టూ ఉన్న జుట్టు పాయలు వెనక్కి లాగి అప్పుడు కప్పు పెట్టుకోండి. పట్టీ మాడు మీద నిలవకపోతే మెడ వెనక నుంచి వచ్చే పట్టీ ఉన్న మఫ్‌లు కూడా దొరుకుతాయి. టోపీ పెట్టుకునేవాళ్ళకీ అవే సుఖం.

ఫోమ్ ప్లగ్: దీపం వత్తి చేసినట్టు

చవకైనది, తేలికైనది, చెమటకి భయపడనిది ఫోమ్ ప్లగ్. జత ఖరీదు చాలా తక్కువ. కానీ దీన్ని పెట్టుకోవడం ఎవరూ నేర్పరు, అందుకే చాలామందికి పనిచేయదు. నిదానంగా చెబుతాను.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. తూటాలు పట్టుకున్న చేతికి సీసం అంటుకుని ఉంటుంది, ఆ చేత్తో ప్లగ్ నలిపి చెవిలో పెట్టకూడదు. కాబట్టి తూటాల డబ్బా తెరవకముందే ప్లగ్‌లు పెట్టేసుకోవడం మంచి అలవాటు.

ఒక ప్లగ్ తీసుకుని బొటనవేలు, మొదటి రెండు వేళ్ళ మధ్య నెమ్మదిగా నలపండి. దీపానికి వత్తి చేసినట్టు గుండ్రంగా, సన్నగా, ముడత లేకుండా రావాలి. పిసికి చపటా చేస్తే ముడత పడుతుంది, ఆ ముడత వెంట శబ్దం లోపలికి వెళ్తుంది. ఇప్పుడు కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి, కుడి చెవి పైభాగం పట్టుకుని పైకి, కొంచెం వెనక్కి లాగండి. చెవి గొట్టం వంకరగా ఉంటుంది, అలా లాగితే తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి జార్చి, చూపుడు వేలి కొసతో అదిమిపట్టి ముప్పై లెక్కపెట్టండి. లోపల ఫోమ్ నెమ్మదిగా ఉబ్బి గొట్టం గోడలకి ఆనుతున్నట్టు మీకే తెలుస్తుంది. ముందే వేలు తీసేస్తే అది ఉబ్బుతూ ఉబ్బుతూ బయటికి వచ్చేస్తుంది.

సరిగ్గా కూర్చుందా? అద్దంలో ఎదురుగా చూసుకోండి, ప్లగ్ కొస చెవి బయటికి పొడుచుకుని కనిపించకూడదు. "ఊఁ" అని గొంతులో అనండి, మీ గొంతు బావిలోంచి వచ్చినట్టు బరువుగా వినిపించాలి. ఒక చెవిలోనే అలా ఉంటే రెండోది తీసి మళ్ళీ పెట్టండి. నొప్పి వస్తే మీ చెవి గొట్టం సన్నదని అర్థం, చిన్న సైజు తెచ్చుకోండి. నొప్పి ఓర్చుకుని పెట్టుకునే ప్లగ్ ఇరవై నిమిషాల తర్వాత ఎలాగూ బయటికి వస్తుంది.

తీసేటప్పుడు గబుక్కున లాగొద్దు, మెల్లగా తిప్పుతూ తీయండి. గాలి చొరకుండా కూర్చున్న ప్లగ్‌ని ఒక్కసారి లాగితే చెవి పొరకి నొప్పి.

చెవి కారుతున్నవాళ్ళు, పొరకి చిల్లు ఉన్నవాళ్ళు, గులిమి గట్టిపడి మూసుకుపోయినవాళ్ళు ప్లగ్ పెట్టకూడదు. ప్లగ్ గులిమిని ఇంకా లోపలికి తోసేస్తుంది. వీళ్ళకి మఫ్‌లే దారి. గులిమి ఉంటే డాక్టరు చేత తీయించుకోండి. పిన్నీసు, బడ్, వేడి చేసిన కొబ్బరినూనె వద్దు.

మూడు అంచుల గొడుగుల్లా ఉండే సిలికాన్ ప్లగ్‌లు కూడా ఉన్నాయి. నలపక్కర్లేదు, తోసుకోవడమే. తాడుతో వస్తాయి, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. అందరి చెవికీ సరిపోవు, అది పెట్టి చూస్తేనే తెలుస్తుంది. చెవి అచ్చు తీసి చేసే ప్లగ్‌లు వీటన్నిటికన్నా సుఖం. వినికిడి యంత్రాలు అమర్చే క్లినిక్‌లలో అచ్చు తీస్తారు. ధర ఎక్కువ. వారం వారం కాల్చేవాళ్ళకైతే గిట్టుబాటే.

మన వాతావరణానికి నేను చెప్పే పద్ధతి: లోపల ప్లగ్, పైన తేలిక మఫ్

కాల్చేది మందు ఉన్న తూటా అయితే, ముఖ్యంగా షెడ్డు కింద అయితే, ప్లగ్ పెట్టుకుని దాని మీద మఫ్ పెట్టుకోండి. రెండూ కలిపితే రెండు అంకెలూ కూడవు. పెద్ద అంకెకి సుమారు 5 కలుస్తుంది, అంతే. శబ్దం చెవి గొట్టంలోంచే కాకుండా తల ఎముకల్లోంచి కూడా లోపలికి చేరుతుంది కాబట్టి దానికో హద్దు ఉంది. ఇంత తక్కువ లాభానికి రెండెందుకు అనుకోవచ్చు. నాకు ఆ 5 కన్నా ముఖ్యమైంది వేరే ఉంది. లోపల ప్లగ్ ఉంటే పైన మఫ్ బిగువుగా ఉండక్కర్లేదు. పెద్ద అంకె ఉన్న బరువైన మఫ్ బదులు పల్చటి, తేలికైన మఫ్ తీసుకోవచ్చు. చెమట తుడుచుకోడానికి చెయ్యి కప్పు మీదికి పోయినా లోపల చెవి మూసే ఉంటుంది. కళ్ళజోడు కాడ సందు చేసినా నష్టం తక్కువ. ఆ ఇంటర్ కుర్రాడికి తర్వాతి వారం నేను చేసిన మార్పు ఇదే. ఆ రోజు నుంచి వాడి నోట ఈల మాట వినలేదు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. రెండూ పెట్టుకుంటే రేంజ్‌లో, అంటే కాల్చే చోట, ఆజ్ఞలు వినబడవు. కాల్పులు ఆపమన్న కేక వినబడకపోవడం చెవి పాడవడం కన్నా ప్రమాదం. అందుకని ముందే చేతి సైగలు అనుకోండి. మా దగ్గర ఎర్రగుడ్డ పైకెత్తితే అందరూ బోల్ట్ (తూటా ఉండే చోటుని మూసే గడియ) తెరిచి, తుపాకీ కింద పెట్టి, లేచి వెనక్కి రావాలి. చివరి తుపాకీ ఖాళీ అయిందని చూసిన తర్వాతే ఎవరైనా మఫ్ తీయాలి.

ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఈ ఇబ్బంది తీర్చడానికే వచ్చాయి. బయట మైక్ ఉంటుంది, మాటలు లోపలికి వినిపిస్తాయి, పేలుడు వచ్చినప్పుడు దాన్ని మాత్రం లోపలికి పంపవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, నేర్పేవాళ్ళకి ఇవి చాలా మంచివి. లోపల ప్లగ్ పెట్టుకుని మైక్ సౌండు పెంచుకుంటే మాట వినిపిస్తూనే రెండు రక్షణలూ ఉంటాయి. రెండు జాగ్రత్తలు: మన సముద్రపు గాలి తేమకి, చెమటకి బ్యాటరీ దగ్గర పచ్చగా చిలుము పడుతుంది, ఇంటికి రాగానే బ్యాటరీలు తీసి ఉంచండి. పోటీలకి వెళ్ళాలనుకునేవాళ్ళు వీటికి అలవాటు పడొద్దు. అంతర్జాతీయ షూటింగ్ నిబంధనల ప్రకారం శబ్దం అందుకునే పరికరం ఉన్న చెవి రక్షణని క్రీడాకారులు వాడకూడదు.

చెమట, తేమ, ఫంగస్

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చెవి ఆరదు. తడి చెవిని ప్లగ్‌తో మూసి, పైన మఫ్ పెట్టి గంటలు గడిపితే లోపల ఫంగస్ పట్టొచ్చు. దురద, చెవి మూసుకుపోయినట్టు ఉండటం, తెల్లగానో నల్లగానో పొట్టు రావడం దాని గుర్తులు. నేను ఒక వర్షాకాలమంతా దీంతో బాధపడ్డాను, కాబట్టి ఇది కొంచెం పట్టుబట్టి చెబుతున్నాను.

తలస్నానం చేసి తడి చెవులతో రేంజ్‌కి రావొద్దు. ఇరవై, ముప్పై నిమిషాలకి ఒకసారి కాల్పులు పూర్తిగా ఆపి, అందరూ వెనక్కి వచ్చి, నీడలో మఫ్‌లు, ప్లగ్‌లు తీసి చెవులకి గాలి తగలనివ్వండి. పొడి నూలు తుండు ఒకటి మెడలో వేసుకోండి. నుదుటికి పట్టీ కట్టుకుంటే చెమట కణతల మీదికి దిగదు, మఫ్ ఎత్తాల్సిన పని సగం తప్పుతుంది. కుషన్ల మీద వేసుకునే పల్చటి నూలు తొడుగులు దొరుకుతాయి. చర్మానికి హాయిగా ఉంటాయి గానీ కొంచెం రక్షణ తగ్గిస్తాయి, లోపల ప్లగ్ ఉన్నప్పుడే వాడండి.

ఫోమ్ ప్లగ్ కడిగి మళ్ళీ వాడేది కాదు. నలిపితే వెంటనే ఉబ్బిపోతున్నా, గట్టిపడినా, మురికి పట్టినా పారేయండి. ఒకరి ప్లగ్ ఇంకొకరు పెట్టుకోవద్దు, అన్నదమ్ములైనా సరే. మఫ్ కుషన్లు తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. స్కూటర్ డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేస్తే కుషన్ పైతోలు గట్టిపడి సన్నగా పగుళ్ళిస్తుంది. పట్టీని సాగదీసి పెట్టకండి, బిగువు పోతుంది. మన వాడకంలో ఆరు, ఎనిమిది నెలలకి కుషన్లు మార్చాల్సి వస్తుంది. అవి విడిగా దొరికే మోడలేనా అని కొనేముందే అడగండి.

పిల్లల సంగతి

పిల్లలకి పెద్దవాళ్ళ మఫ్ పట్టీ ఎంత తగ్గించినా దవడ దగ్గర సందు మిగులుతుంది. చిన్న తలకి చేసినవి వేరే ఉన్నాయి, అవే కొనండి. ప్లగ్ పిల్లలకి వాళ్ళంతట వాళ్ళే సరిగ్గా పెట్టుకోలేరు, మీరు పెట్టి చూడండి. ముందు ఇంట్లో రెండు మూడు రోజులు టీవీ చూసేటప్పుడు మఫ్ పెట్టించి అలవాటు చేయండి. రేంజ్‌లో మొదటిసారి పెట్టుకున్న పిల్ల తప్పకుండా తీసేస్తుంది. "బిగువుగా ఉంది" అని పిల్లలు అంటే గదమాయించకండి. అది వాళ్ళు మనకి చెబుతున్న ముఖ్యమైన సమాచారం.

ఇంటికి వచ్చాక

కాల్చిన రాత్రి, ఫ్యాన్ ఆపి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక నిమిషం కూర్చోండి. జుయ్‌మని హోరు గానీ, ఈల గానీ, చెవిలో దూది కుక్కినట్టు గానీ ఉందా? ఉంటే ఆ రోజు మీ రక్షణ సరిపోలేదు. తగ్గిపోయింది కదా అని వదిలేయొద్దు. ఏ క్షణంలో కప్పు ఎత్తారు, ప్లగ్ ఎప్పుడు జారింది, పక్క లేన్‌లో ఎవరు ఏం కాల్చారు అని వెనక్కి వెళ్ళి గుర్తుచేసుకోండి. ఆ లోపం సరిచేసేదాకా మళ్ళీ కాల్చకండి. ఒక చెవి ఒక్కసారిగా వినబడటం మానేస్తే మాత్రం రేపు, ఎల్లుండి అనకుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అలాంటి వాటికి మందు త్వరగా మొదలుపెడితేనే ఫలితం.

ఏడాదికొకసారి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి. నొప్పి లేని పరీక్ష, అరగంట పని. ముందురోజు కాల్చకుండా వెళ్ళండి. కాగితం మీద 4,000 హెర్ట్జ్ (సన్నటి శబ్దాలు) దగ్గర గీత కిందికి గుంటలా దిగిందేమో డాక్టరుని అడగండి. పెద్ద మోతలు మిగిల్చే గుర్తు సాధారణంగా అక్కడే కనిపిస్తుంది. నా ఎడమ చెవి కాగితంలో ఆ గుంట ఉంది. మొదటి కాగితం జాగ్రత్త చేస్తే తర్వాతి ఏళ్ళవి దాంతో పోల్చుకోవచ్చు.

సంచిలో రెండు మఫ్‌లు, పది జతల ప్లగ్‌లు ఎక్కువే పెట్టుకోండి. కాల్చేవాళ్ళ చెవులే కాదు, చూడ్డానికి వచ్చిన తమ్ముడు, దించడానికి వచ్చిన నాన్న, ఆటో అతను కూడా అదే షెడ్డు కింద నిలబడతారు. మాకు టీ తెచ్చే పెద్దాయన ఇన్నాళ్ళూ గోడ పక్కన నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకునేవాడు. "ఈ సౌండుకి బుర్ర తిరిగిపోతంది బాబూ" అంటే తాడున్న సిలికాన్ జత ఒకటి ఇచ్చి, పెట్టుకోవడం చూపించాను. ఇప్పుడు ఆయన ఫ్లాస్కు, గ్లాసులు గట్టు మీద పెట్టి, మెడలో వేలాడే ప్లగ్‌లు రెండూ చెవుల్లోకి తోసుకుని, ఆ తర్వాతే షెడ్డులోకి అడుగుపెడుతున్నాడు.